గాల్లో తిరిగే చక్రానికి లక్షన్నర పెట్టాలా?

ప్రశ్న: నమస్కారమండి. మాది మండపేట దగ్గర పల్లెటూరు. 2017లో కొన్న ఇసుజు వి-క్రాస్ ఫోర్ బై ఫోర్ ఉంది. జారే చక్రాన్ని కంప్యూటరే అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్ లాంటివేం లేవు, టైర్లు మామూలు రోడ్డు టైర్లే. వారమంతా కొబ్బరికాయలు, ఎరువుల బస్తాలు వేస్తాను. నెలకోసారి స్నేహితులతో ఏజెన్సీ వైపు వెళ్తుంటాను. ఈ ఏడాదిలో మూడుసార్లు ఇరుక్కున్నాను. జూలైలో మా చేలోకి వెళ్లే పుంతలో, బంకమట్టిలో నాలుగు చక్రాలూ తిరిగాయి గానీ బండి కదల్లేదు. పక్క చేనువాళ్ల ట్రాక్టరు లాగింది. సంక్రాంతికి అంతర్వేది దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. మొన్న మారేడుమిల్లి దాటాక ఒక గండి ఎక్కుతుంటే కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం గాల్లోకి లేచి అలా తిరుగుతూ ఉండిపోయాయి. నా వెనకే వచ్చిన మహీంద్రా థార్ జీపు అదే దారిలో ఎక్కేసింది. "లాకర్ లేని పికప్ ఎందుకురా, అమ్మెయ్" అని అప్పట్నుంచి ఒకటే ఆట పట్టిస్తున్నారు. హైదరాబాద్‌లో ఒక షెడ్డువాళ్లు వెనక ఎయిర్ లాకర్ వేస్తే లక్షన్నర, ముందూ వెనకా అయితే రెండు లక్షల డెబ్బై వేలు అన్నారు. అడ్వాన్సు అడుగుతున్నారు. మా నాన్నగారేమో "మన ట్రాక్టరుకి ఉంది కదరా ఆ పెడలు, ఇంత పోసి కొన్న బండికి లేదా?" అంటున్నారు. వేయించమంటారా?

సమాధానం: అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. వేయించొద్దని కాదు. మూడుసార్లు ఇరుక్కున్నానని రాశారు గానీ ఆ మూడూ ఒకే జబ్బు కాదు. లాకర్ ఒక్కదానికే మందు. మిగతా రెండింటికీ మందు చాలా చవక, పైగా అవి మీకు ఏటా వచ్చే జబ్బులు.

ముందు నాన్నగారి ప్రశ్నకే వస్తాను, అసలు విషయమంతా అందులోనే ఉంది. ట్రాక్టరులో మడమ కింద ఉండే ఆ పెడలు చేసేదీ, షెడ్డువాళ్లు లక్షన్నరకి పెడతానంటున్న లాకర్ చేసేదీ ఒకటే పని. కుడి చక్రం, ఎడమ చక్రం వేరువేరు వేగాలతో తిరగకుండా రెండింటినీ ఒకే ఇరుసుగా కట్టేయడం. మరి మామూలుగా ఎందుకు విడిగా తిరగనిస్తారంటే, మలుపుల కోసం. మీ బండి కుడి ఎడమ చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటరు పైన ఉంటుంది. సందు చివర ఎల్ ఆకారంలో మలుపు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు రెండున్నర మీటర్లు ఎక్కువ దొర్లాలి. మలుపు ఇరుకైనా, వెడల్పైనా లెక్క అంతే. ఆ తేడాను సర్దేదే ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే హౌసింగ్‌లో ఉండే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె.

ఇక్కడ చాలామంది, మెకానిక్కులతో సహా, ఒక మాట తప్పుగా చెబుతారు. "పవరంతా జారే చక్రానికే పోతుందండీ" అంటారు. నిజానికి డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానంగానే తోపు ఇస్తుంది. చిక్కంతా ఆ సమానత్వంలోనే ఉంది. కావడి గుర్తు తెచ్చుకోండి. బద్దకి రెండు వైపులా రెండు బిందెలు. ఒక బిందె తెగి పడిపోయిందనుకోండి, రెండోదాన్ని ఆ బద్ద మోయగలదా? బద్ద తిరగబడుతుంది. డిఫరెన్షియల్ లోపలున్న చిన్న గేర్లు, స్టార్ గేర్లంటారు, అవి అచ్చం ఆ కావడి బద్దలాంటివే. గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి వేలితో తోసినంత బలం చాలు. కాబట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. దాంతో రెండు టన్నుల బండి కదలదు. లాకర్ అంటే కావడి బద్దను భుజానికి కట్టేయడం. అప్పుడు ఒక వైపు ఖాళీ అయినా రెండో బిందె ఎటూ పోదు.

మరి నాది ఫోర్ బై ఫోర్ కదా అంటారేమో. మీరు నాబ్ తిప్పి ఫోర్ హై గానీ, వేగం తగ్గించి బలం పెంచే ఫోర్ లో గానీ వేసినప్పుడు ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ ఒకదానికొకటి కలుపుతున్నారు. ఏ ఇరుసులో ఆ కావడి అలాగే ఉంటుంది. ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం రెండూ లేచిపోతే రెండు కావళ్లూ ఒకేసారి తిరగబడ్డట్టు. మారేడుమిల్లి అవతల మీకు జరిగింది అక్షరాలా ఇదే.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

పుంతలో నాలుగు చక్రాలూ తిరిగాయన్నారు. ఆ ఒక్క ముక్కతో లాకర్ మాట పక్కన పెట్టేయొచ్చు. కుడి చక్రానికీ పట్టు లేదు, ఎడమ చక్రానికీ పట్టు లేదు, రెండింటినీ కట్టేస్తే కొత్తగా పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? డెల్టా బంకమట్టి రోడ్డు టైరు గాళ్లలో దూరి రెండు తిరుగుళ్లకే దాన్ని బోడిగుండు చేసేస్తుంది. అక్కడ కావలసింది గాళ్లు వెడల్పుగా ఉండి, తిరుగుతూ తిరుగుతూ మట్టిని విదిలించుకునే టైరు. నాన్నగారినే అడగండి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరును నడిపించేది లాక్ పెడలా, ఇనప పట్టీలున్న కేజీ వీల్సా? పెడలు ఆయన ఎప్పుడు తొక్కుతారో కూడా అడగండి. ఒక చక్రం గోతిలోకి దిగిపోయి రెండోది గట్టి నేల మీదున్నప్పుడు, ఒక్క క్షణం. గట్టు దగ్గర మళ్లే ముందు కాలు తీసేస్తారు. లాకర్ వాడకం గురించి నేను నాలుగు పేజీలు రాసినా ఇంతకంటే ఎక్కువ చెప్పలేను.

అంతర్వేది ఇసుక సంగతి ఇంకా తేలిక. టైరులో గాలి ఎంత ఉంచారో మీరు రాయలేదు. రాయలేదంటే తగ్గించలేదనే అనుకుంటున్నాను. రోడ్డు మీద ముప్పై పైన ఉన్న గాలిని ఇసుకలో దిగేముందు 18 పీఎస్ఐ దాకా దించండి. టైరు పొట్ట జారి, నేల మీద దాని అచ్చు పొడుగ్గా సాగుతుంది. బండి ఇసుకను తవ్వడం మానేసి దాని మీద నడుస్తుంది. 15 కంటే కిందికి మాత్రం వద్దు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. స్టీరింగ్ గట్టిగా కొట్టకండి, ఆగాల్సి వస్తే బ్రేకు వేయకుండా దానంతట అది ఆగనివ్వండి. బ్రేకు వేస్తే చక్రం ముందు చిన్న ఇసుక గట్టు లేస్తుంది, మళ్లీ బయల్దేరాలంటే అదే అడ్డం. తారు రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపుకోండి. ఇసుకలో లాకర్ వేసి యాక్సిలరేటర్ తొక్కితే రెండు చక్రాలూ పోటీ పడి గొయ్యి తవ్వుతాయి, బండి హౌసింగ్ మీద కూర్చుంటుంది. ఇంకో సంగతి, అడక్కపోయినా చెబుతాను. సంక్రాంతి తర్వాత నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఆ నెలల్లో బండిని అసలు బీచ్ మీదకి దించకండి.

ఇక మూడోది, గండి. ఇది లాకర్ పనే. అందులో మీ స్నేహితులు చెప్పింది నిజం. పైగా పికప్ అవడం వల్ల మీకు ఈ బెడద జీపుల కంటే ఎక్కువ. వెనక తొట్టి ఖాళీగా ఉంటే బరువు సగానికి పైగా ముందే ఉంటుంది. వెనక కమాన్లేమో బస్తాలు మోయడానికి కట్టినవి, ఖాళీ బండికి అవి వంగనే వంగవు. గొయ్యి రాగానే చక్రం కిందికి దిగి నేలను వెతుక్కోకుండా అలాగే గాల్లో నిలబడుతుంది.

థార్ ఎలా ఎక్కిందంటే, 2020లో వచ్చిన కొత్త థార్‌లో రకాన్ని బట్టి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. కొన్నింటిలో వెనక ఇరుసులోనే మెకానికల్ లాక్ ఉంటుంది. రెండు చక్రాల మధ్య నిమిషానికి 100 తిరుగుళ్ల తేడా వచ్చేసరికి దానంతట అదే టక్కుమని పట్టేస్తుంది. మిగతావాటిలో గాల్లో తిరిగే చక్రానికి కంప్యూటరే బ్రేకు వేస్తుంది. బ్రేకు వేస్తే ఏమవుతుంది? తెగిపోయిన బిందె చోట ఒక రాయి వేలాడదీసినట్టు. కావడి మళ్లీ నిలబడుతుంది, రెండో చక్రానికి తోపు అందుతుంది.

ఈ రెండో ఉపాయం మీ బండిలో పైసా ఖర్చు లేకుండా మీరే చేయొచ్చు. మీ వెనక బ్రేకులు డ్రమ్ములు, చెయ్యి బ్రేకు వాటి మీదే పనిచేస్తుంది. వెనక చక్రం లేచి తిరుగుతున్నప్పుడు ఫోర్ లో, మొదటి గేరు. చెయ్యి బ్రేకును గుండీ నొక్కి పట్టుకుని మెల్లగా లాగండి. రెండు పళ్లు, మూడు పళ్లు. కిటికీలోంచి ఎవరినైనా ఆ చక్రాన్నే చూస్తూ ఉండమనండి. గిరగిరా తిరిగేది నెమ్మదించి, బరువెక్కినట్టు కదులుతుంది. ఆ క్షణంలో నేల మీదున్న చక్రం కింద గులకరాళ్లు కరకరమంటాయి, బండి అంగుళం ముందుకి వస్తుంది. అప్పుడు ఇంజను కాస్త పెంచండి. అయిదారు సెకన్లకు మించి పట్టుకోవద్దు, బ్రేకు లైనింగ్ కాలిన వాసన వస్తే వదిలేసి చల్లారనివ్వండి. ముందు చక్రం కూడా లేచి ఉంటే చెయ్యి బ్రేకు దాన్ని అందుకోలేదు. బండి పాకుతుండగా ఎడమ కాలితో కాలి బ్రేకు సున్నితంగా నొక్కాలి. ఇంట్లో ఖాళీ చోట నాలుగుసార్లు సాధన చేయకుండా కొండ మీద చేయకండి, అలవాటు లేని ఎడమ కాలు క్లచ్ అనుకుని బ్రేకు తొక్కి పారేస్తుంది.

దీనికంటే ముందు తొట్టిలో, సరిగ్గా ఇరుసు మీదకి వచ్చేలా, మూడు నాలుగు ఇసుక బస్తాలు వేసి తాడుతో కట్టండి. కమాన్లు వంగుతాయి, వెనక చక్రం నేల వదలడానికి మొహమాట పడుతుంది. గండిని ఏ కోణంలో దాటారన్నదీ చూడాలి. వాలుగా దిగితే మూలమూలకి ఒక్కో చక్రం లేస్తుంది. నేరుగా దిగితే రెండు ముందు చక్రాలూ కలిసి దిగి కలిసి ఎక్కుతాయి. మరీ లోతైతే బంపర్ తగులుతుంది, అది దిగి చూసుకోవాలి. దిగి చూసుకునే ఓపిక ఉన్నవాడికి అక్కడ ఉన్న రాళ్లే కనిపిస్తాయి. వేలాడే చక్రం కింద నాలుగు పేరిస్తే పని అయిపోతుంది. నేను చూసినంతలో లాకర్ ఉన్నవాళ్లు బండి దిగడం తగ్గించేస్తారు. నేనూ అంతే.

ఆ కథ కూడా చెప్పాలి. నాలుగేళ్ల కిందట వానాకాలంలో ఏజెన్సీలో ఒక ఎర్రమట్టి దారి. కుడి పక్క కొండ, ఎడమ పక్క కాలువ, దారి కాలువ వైపుకి వాలి ఉంది. ముందు ఎక్కుడు కనిపించింది కదా అని, "ఎందుకైనా మంచిది" అనుకుని వెనక లాక్ వేసి పెట్టాను. పది అడుగులు వెళ్లానో లేదో, బండి వెనక భాగం ఎవరో చేత్తో నెట్టినట్టు చప్పుడు లేకుండా ఎడమకి జరిగింది. ఒక అడుగు, ఇంకో అడుగు. కాలువ గట్టుకి తొట్టి ఆనుకుని ఆగింది గానీ, గట్టు లేకపోతే ఈ సమాధానం వేరే ఎవరో రాయాల్సి వచ్చేది. లాక్ లేకపోతే ఒక చక్రం జారి తిరుగుతుంది గానీ రెండోది కదలకుండా నేలను పట్టుకుని పక్కకి జారనివ్వదు. లాక్ వేస్తే రెండూ ఒకేసారి పట్టు వదులుతాయి. జారుడు మట్టి, పక్క వాలు కలిసి ఉన్న చోట లాక్ వేయకూడదు. మీరు తిరిగే కొండల్లో వానాకాలం దారులు చాలావరకు ఇలాంటివే. స్టీరింగ్ సంగతి కూడా అంతే, లాక్ వేసిన బండి మలుపు తిరగనంటుంది, ముక్కు నేరుగా తోసుకుపోతుంది. తారు రోడ్డు మీద మర్చిపోయి వేసుకుని మలుపులు తిరిగితే యాక్సిల్ షాఫ్టుల మీద పడుతుంది భారం.

అందుకని నా మాట ఇది. ఈ ఏడాది ఆ లక్షన్నరలో కొంత టైర్లకి పెట్టండి. మట్టికీ రాళ్లకీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం, కంపెనీ ఇచ్చిన సైజులోనే. పెద్దవి వేస్తే గేరింగు మారుతుంది, బ్రేకులు బరువెక్కుతాయి, పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి స్వరూపం మార్చడాన్ని ఒప్పుకోదు. బ్యాటరీకి తగిలించే మంచి కంప్రెసర్ ఒకటి, నమ్మకమైన గాలి మీటరు ఒకటి, పొట్టి పార ఒకటి. బండి ముందూ వెనకా ఛాసిస్‌కి బిగించిన గట్టి కొక్కేలు, సాగే రికవరీ తాడు. ట్రైలర్ తగిలించే గుండు బంతికి మాత్రం తాడు వేయనివ్వకండి. లాగుడులో అది విరిగితే తూటాలా వస్తుంది, మనుషులు చనిపోయారు. ఇవన్నీ మీకు పుంతలోనూ పనికొస్తాయి, అంటే వారానికి ఆరు రోజులు. లాకర్ నెలకి ఒక్క రోజు, ఆ రోజులో రెండు నిమిషాలు.

ఏడాది తిరిగాక మళ్లీ లెక్క చూడండి. ఇరుక్కున్న ప్రతిసారీ దిగి ఫొటో తీయండి, ఏ చక్రం లేచింది, ఏది నేల మీదుంది అన్నది అందులో కనబడాలి. బస్తాలు వేసి, గాలి దించి, దారి చూసుకుని కూడా గాల్లో చక్రం దగ్గరే ఆగిపోతున్నారంటే అప్పుడు వేయించండి, సంతోషంగా.

వేయిస్తే వెనక ఒక్కటే. ఎక్కుడులో బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి పని చేసేది వెనక ఇరుసే. ముందు లాకర్ మీ బండికి అనవసరం. స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు లాక్ వేసి తొక్కితే ముందు షాఫ్టుల జాయింట్లు విరుగుతాయి. ఆ లక్షా ఇరవై వేలు మిగిల్చుకోండి. కావాలన్నప్పుడు వేసి, వద్దన్నప్పుడు తీసేసే రకమే తీసుకోండి. గాలితో నడిచే ఎయిర్ లాకర్ అలాంటిదే, దాని కంప్రెసర్‌తో టైర్లకి కూడా గాలి పట్టుకోవచ్చు. దానంతట అది పట్టే ఆటోమేటిక్ లాకర్లు చవక, కానీ రోజూ బస్తాలతో తారు రోడ్డు మీద తిరిగే బండికి మలుపు మలుపుకీ టకటకలు, టైర్ల అరుగుదల. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అనేది మధ్యరకం, రెండు చక్రాలనీ పూర్తిగా కట్టేయకుండా కొంత మేరకే పట్టి ఉంచుతుంది. లోపలి ప్లేట్లు అరిగేకొద్దీ మామూలు డిఫరెన్షియల్ అయిపోతుంది, మీ గండి దగ్గర పెద్దగా ఆదుకోదు.

లాకర్ కంటే దాన్ని బిగించే చెయ్యి ముఖ్యం. హౌసింగ్ విప్పి లోపలి పెద్ద గేరు క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ మళ్లీ కూర్చోబెట్టాలి. రెండింటి పళ్ల మధ్య ఖాళీ వెంట్రుకల లెక్కలో ఉంటుంది. డయల్ గేజ్ పెట్టి కొలిచి, పళ్లకి రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూసేవాడికే ఇవ్వండి. "చేత్తో ఊపి చూస్తే తెలిసిపోద్దండీ" అన్నవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. తేడా వస్తే అరవై దాటగానే వెనక నుంచి గీ మని మోత మొదలవుతుంది, నెలల్లో గేర్లు పోతాయి. ఇన్సూరెన్సువాళ్లకీ కాగితం మీద ఒక మాట తెలియజేయండి.

స్నేహితులు అమ్మెయ్ అంటున్నారు కదా. కొత్త పికప్ కొనే ఆలోచన నిజంగా ఉంటే అప్పుడు లెక్క వేరు. టయోటా హైలక్స్‌కి వెనక లాక్ కంపెనీ నుంచే వస్తుంది. తర్వాత విప్పి వేయించడం కంటే అదెప్పుడూ నయం. ఫోర్స్ గూర్ఖాకి ముందూ వెనకా రెండూ ఉన్నాయి గానీ అందులో కొబ్బరికాయలు పట్టవు. ఆ ఒక్క గండి కోసం మన శ్రీసిటీలో తయారైన, ఇంకా నిక్షేపంలా నడుస్తున్న బండిని అమ్ముకోవడం నాకు నచ్చలేదు.

షెడ్డువాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే రెండు ప్రశ్నలు అడగండి. మీ 2017 బండి వెనక యాక్సిల్‌కి సరిపోయే లాకర్ పార్టు నంబరు ఏది, ఇదివరకు ఇదే బండికి ఎవరికి బిగించారు. రెండోదానికి జవాబొస్తే ఆ బండి ఓనరుతో మాట్లాడి, వెనక సీట్లో కూర్చుని ఎనభై మీద ఒక అయిదు కిలోమీటర్లు తిరిగి రండి. మోత ఉంటే అక్కడే వినబడుతుంది.